పుట్టింటి పేరు తెలియని కెంటకీ రైతు భార్య: 1850కి వెనక్కి ఎలా వెళ్ళాలి?

మార్ష్‌ఫీల్డ్_కోడలు (ప్రశ్న)

మా అత్తగారికి నాన్నవైపు తాతగారి తల్లి గురించి వెతుకుతున్నాను. ఆవిడ పేరు మేరీ అన్నదొక్కటే గట్టిగా తెలుసు. ఇంటిపేరు పెళ్ళితో వచ్చిందే. నా దగ్గరున్న ఆధారాలివి.

1860 సెన్సస్, కెంటకీలో మెట్‌కాఫ్ కౌంటీ: భర్త జాన్, 30 ఏళ్ళు, రైతు. మేరీకి 26, పుట్టింది కెంటకీలో. పిల్లలకు 7, 4, 1 ఏళ్ళు.
1870, మిస్సోరీలో వెబ్‌స్టర్ కౌంటీ: మేరీకి 35. మరో ముగ్గురు పిల్లలు.
1880, అక్కడే: మేరీకి 47. తండ్రి పుట్టింది వర్జీనియాలో, తల్లి కెంటకీలో అని ఉంది.
1900: జాన్ ఉన్నాడు, భార్య పేరు మాత్రం వేరే.

మెట్‌కాఫ్ కౌంటీ పెళ్ళిళ్ళ ఇండెక్సులో ఈ జంట లేదు. మేరీ సమాధి దొరకలేదు. ఆన్‌లైన్ ఫ్యామిలీ ట్రీల్లో చాలామంది ఒకటే పుట్టింటి పేరు రాసుకున్నారు, ఆధారం ఒక్కరూ పెట్టలేదు. జాన్ అమెరికా అంతర్యుద్ధంలో యూనియన్ (ఉత్తరాది) సైన్యంలో పనిచేశాడని ఇంట్లో చెప్పుకుంటారు, కాగితమేమీ లేదు. ఇక్కడినుంచి ఎటు వెళ్ళాలి? డబ్బు కట్టే వంశవృక్ష సైట్లకు చందా కట్టక తప్పదా? అత్తగారికి డీఎన్‌ఏ పరీక్ష చేయిస్తే తేలుతుందా?

పాత_దస్తావేజు

ముందు కౌంటీ సంగతి. మెట్‌కాఫ్ కౌంటీ పుట్టిందే 1860లో. బారెన్, గ్రీన్, అడెయిర్, కంబర్‌లాండ్, మన్రో, హార్ట్ కౌంటీల నుంచి ముక్కలు తీసి దాన్ని చేశారు. మీ పెద్ద పిల్లకు 1860లో ఏడేళ్ళంటే పెళ్ళి 1852 ప్రాంతంలో జరిగి ఉండాలి. అప్పటికి మెట్‌కాఫ్ లేదు కాబట్టి ఆ ఇండెక్సులో పేరు ఉండదు. కొత్త కౌంటీ ఏర్పడినప్పుడు పాత రిజిస్టర్లు పాత కోర్టులోనే ఉండిపోతాయి. వీళ్ళ పొలం ఏ ముక్కలో ఉండేదో 1850 సెన్సస్‌లో జాన్ ఎక్కడున్నాడో చూస్తే తెలుస్తుంది. అప్పటికి అతనికి 20, తండ్రి ఇంట్లోనే ఉండి ఉండవచ్చు. ఏటేటా రాసే పన్ను జాబితాలూ అదే చెబుతాయి. ఏ తేదీకి సరిహద్దు ఎక్కడుందో న్యూబెర్రీ లైబ్రరీ వాళ్ళ చారిత్రక కౌంటీ సరిహద్దుల అట్లాసులో చూడొచ్చు, ఉచితమే. బారెన్ కౌంటీతో మొదలుపెట్టండి, దొరక్కపోతే మిగతా ఐదూ వరసగా చూడండి.

ఇండెక్సుతో సరిపెట్టుకోవద్దు. కెంటకీలో ఆ రోజుల్లో పెళ్ళికి మూడు కాగితాలు పుట్టేవి. పెళ్ళికి అడ్డంకేమీ లేదని పెళ్ళికొడుకూ ఒక జామీనుదారూ కలిసి రాసిచ్చే బాండు, వయసు చాలనివాళ్ళకు పెద్దల అనుమతి చీటీ, పెళ్ళి చేసిన పాస్టరు కోర్టుకు పంపే నివేదిక. బాండు మీద తేదీ పెళ్ళి తేదీ కాదు. రెంటికీ కొన్ని రోజుల తేడా ఉండొచ్చు, బాండు రాసి పెళ్ళి ఆగిపోయినవీ ఉన్నాయి. అసలు విలువైనది అనుమతి చీటీ. 21 ఏళ్ళు నిండని అమ్మాయికి అది తప్పనిసరి, మేరీకి అప్పటికి పద్దెనిమిది దాటి ఉండవు. చీటీ మీద తండ్రి సంతకం ఉంటే పని అయినట్టే. తల్లి సంతకం ఉంటే తండ్రి అప్పటికే పోయి ఉండొచ్చు. గార్డియన్ సంతకం ఉంటే గార్డియన్ బాండ్ల పుస్తకానికి వెళ్ళండి, అందులో చనిపోయిన తండ్రి పేరు రాసి ఉంటుంది. ఈ చీటీలు బరువైన రిజిస్టర్లలో కాక విడి కాగితాల కట్టల్లో ఉంటాయి. మైక్రోఫిల్ముల్లో వేరే శీర్షిక కింద పెడతారు కాబట్టి చాలామంది అక్కడిదాకా వెళ్ళరు.

ఇక కెంటకీలో ఒక అదృష్టం ఉంది. 1852లో జనన మరణాలూ పెళ్ళిళ్ళూ నమోదు చేయాలని చట్టం తెచ్చారు, 1862లో అది ఆగిపోయింది. మీ ముగ్గురు పిల్లలూ సరిగ్గా ఆ పదేళ్ళలోపే పుట్టారు. ఆ జనన పట్టికలో తండ్రి పేరు పక్కన తల్లి పుట్టింటి పేరుకు ప్రత్యేకంగా ఒక గడి ఉంటుంది. అన్ని కౌంటీలకూ అన్ని సంవత్సరాలూ మిగల్లేదు, చాలా జననాలు అసలు ఎక్కలేదు. పసిబిడ్డకు పేరు పెట్టకముందే రాసుకోవడం వల్ల పిల్ల పేరు గడి ఖాళీగా ఉండటం మామూలే. అందుకని పిల్ల పేరుతో కాదు, తండ్రి పేరుతో వెతకండి. ముగ్గురిలో ఒక్కరిది దొరికినా చాలు.

వెతికేటప్పుడు మేరీని పాలీ అనీ మాలీ అనీ కూడా చూడాలి. ఆ రోజుల్లో పాలీ అంటే మేరీకి ముద్దుపేరే, కోర్టు కాగితాల్లోనూ అలాగే రాసేవారు. ఇంటిపేర్ల చదువులోనూ ఒక చిక్కుంది. అప్పటి చేతిరాతలో జంట ‘ఎస్’ వస్తే మొదటిదాన్ని పొడుగ్గా, ‘ఎఫ్’లా కిందికి లాగి రాసేవారు. ఇండెక్సు చేసినవాళ్ళు ‘రాస్’ను ‘రాఫ్స్’ అనో చివర ‘పి’ అనుకుని ‘రోప్’ అనో ఎక్కించేశారు. ఇంటిపేరు గడి ఖాళీగా వదిలి, భార్యాభర్తల మొదటి పేర్లు, కౌంటీ, సంవత్సరాల పరిధి మాత్రమే ఇచ్చి చూడండి.

రికార్డు_గది

పైన చెప్పినవన్నీ చేయండి. కానీ జాన్ నిజంగా యూనియన్ సైనికుడైతే ముందు తెప్పించుకోవలసింది పింఛను ఫైలు. నా లెక్కలో ఆ శతాబ్దపు పల్లెటూరి స్త్రీల గురించి అంతకు మించిన కాగితం లేదు.

1890 సెన్సస్‌లో అత్యధిక భాగం 1921లో వాషింగ్టన్‌లో వాణిజ్య శాఖ భవనం అంటుకున్నాక నాశనమైంది. 1890లోనే విడిగా తీసిన యూనియన్ మాజీ సైనికుల, వారి వితంతువుల పట్టిక మాత్రం కెంటకీలో సగం నుంచి అక్షరక్రమంలో తర్వాతి రాష్ట్రాలన్నింటికీ మిగిలింది. మిస్సోరీ అందులో ఉంది. వెబ్‌స్టర్ కౌంటీ పేజీల్లో జాన్ దొరికితే కంపెనీ, రెజిమెంటు, చేరిన తేదీ, విడుదలైన తేదీ అన్నీ ఉంటాయి. రెజిమెంటు తెలిస్తే ఆ పేరున్న పదిమంది జాన్‌లలో మీవాడెవరో తేల్చుకోవచ్చు. తర్వాత పింఛను ఇండెక్సు కార్డు చూడండి. పైన సైనికుడి పేరు, కింద వితంతువు పేరు, దరఖాస్తు పెట్టిన రాష్ట్రం ఉంటాయి.

ఫైలు వాషింగ్టన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉంటుంది. ఆర్డరు పెట్టేటప్పుడు 85 నంబరు ఫారం ఎంచుకోండి. 86 నంబరుది సైనిక సేవా ఫైలు. అందులో హాజరు పట్టీలు తప్ప కుటుంబం సంగతులు ఉండవు, పొరపాటున అది తెప్పించుకుని నిరాశపడేవాళ్ళు ఎక్కువ. ‘మొత్తం ఫైలు’ అన్నది అడగాలి, ఎంపిక చేసిన కొన్ని పేజీలతో సరిపెట్టుకోవద్దు.

అందులో వెతకాల్సినవి రెండు. మొదటిది, పింఛను శాఖ 1898లో పింఛనుదారులకు పంపిన ప్రశ్నాపత్రం, ఒకే ఒక్క కాగితం. పెళ్ళయిందా, భార్య పూర్తి పేరూ పుట్టింటి పేరూ ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ, ఎవరు పెళ్ళి చేశారు, దానికి రికార్డు ఏముంది, అంతకుముందు వేరే పెళ్ళి జరిగిందా, బతికున్న పిల్లల పేర్లూ పుట్టిన తేదీలూ ఏమిటని అడుగుతారు. జాన్ 1900లో బతికే ఉన్నాడు కాబట్టి, అప్పటికి పింఛను వస్తూ ఉంటే తన చేత్తోనో గుమాస్తా చేత్తోనో జవాబిచ్చి ఉంటాడు. పాత పెళ్ళి ప్రశ్న దగ్గర మేరీ పేరు రావాలి. 1915లో ఇంకోసారి ఇలాంటిదే పంపారు.

రెండోది, రెండో భార్య పెట్టుకున్న వితంతు పింఛను దరఖాస్తు. ఆమె హక్కు నిలబడాలంటే మొదటి భార్య చనిపోయిందని గానీ విడాకులయ్యాయని గానీ రుజువు చూపాలి. అందుకని ఇరుగుపొరుగువాళ్ళ చేత అఫిడవిట్లు రాయించేవారు: ‘మేరీ ఫలానా నెలలో ఫలానా చోట చనిపోయింది, సమాధి చేసేటప్పుడు నేనున్నాను’ అని. మిస్సోరీలో రాష్ట్రవ్యాప్తంగా మరణాల నమోదు 1910లో స్థిరపడింది. 1880కీ 1900కీ మధ్య పోయిన మేరీకి డెత్ సర్టిఫికెట్ ఉండే అవకాశం తక్కువ, ఆ లోటును ఈ అఫిడవిట్ తీరుస్తుంది. ఇంట్లో బైబిలు ముందు పేజీల్లో రాసుకున్న జనన మరణాలను చించి, రుజువుగా ఫైలుకు జతచేసినవీ ఉంటాయి.

పాత_దస్తావేజు

ఒక హెచ్చరిక మరిచిపోయాను. వయసులు చూడండి: 26, 35, 47. పదేళ్ళకు తొమ్మిది పెరిగింది, తర్వాతి పదేళ్ళకు పన్నెండు. మామూలుగా సెన్సస్ వయసులు ఇలాగే ఊగుతాయి. అయినా ముగ్గురు మేరీలూ ఒకరే అని తేల్చుకోకుండా ముందుకెళ్ళొద్దు. మేరీ అన్నది అంత వాడుకైన పేరు. మొదటి మేరీ పోయాక జాన్ ఇంకో మేరీని చేసుకుని ఉండొచ్చు. పిల్లల వయసుల మధ్య ఐదారేళ్ళ ఖాళీ ఉందేమో చూడండి. 1880 నుంచి ప్రతి మనిషి పక్కనా తల్లీతండ్రీ ఎక్కడ పుట్టారో రాశారు కాబట్టి, పెద్ద పిల్లలూ చిన్న పిల్లలూ 1880లోనూ 1900లోనూ తల్లి జన్మస్థలం ఒకటే చెప్పారో లేదో పోల్చండి. ఇంకోటి, 1850 నుంచి 1870 దాకా ఇంటి యజమానికి ఎవరు ఏమవుతారో సెన్సస్‌లో రాయలేదు, 1880లోనే ఆ గడి వచ్చింది. 1860లో మేరీ ‘భార్య’ అనుకోవడం మన ఊహే.

మార్ష్‌ఫీల్డ్_కోడలు

చాలా ఉపయోగంగా ఉందండీ. రెండు సందేహాలు. బాండులో జామీనున్నవాడి ఇంటిపేరే పుట్టింటి పేరు అనుకోవచ్చా? ట్రీల్లో అందరూ రాసుకున్న పేరును ఏం చేయాలి?

వాటాల_లెక్క

జామీనుదారు చాలాసార్లు అమ్మాయి తండ్రో అన్నో అవుతాడు, అయితే అది నియమం కాదు. పెళ్ళికొడుకు స్నేహితుడూ కావచ్చు, కోర్టులో ఆ పూట ఉన్నవాడూ కావచ్చు. అతను ఎవరో 1850 సెన్సస్‌లో పట్టుకోండి. అతని ఇంట్లో గానీ పక్క ఇళ్ళలో గానీ 15 నుంచి 18 ఏళ్ళ మేరీ ఉందా? ఉంటే ఆ అమ్మాయి 1860లో వేరే మొగుడితోనో, పెళ్ళికాకుండా అదే ఇంట్లోనో కనిపిస్తుందా? కనిపిస్తే కొట్టేయండి. ట్రీల్లోని పేరుకూ ఇదే పరీక్ష పెట్టండి. ఎంతమంది రాసుకున్నా ఒకరి దగ్గరనుంచి ఒకరు ఎత్తుకున్నదైతే అది ఒక్క మాట కిందే లెక్క. అలాగని పారేయొద్దు. ఆ ఇంటిపేరుతో బారెన్ కౌంటీలో ఏయే కుటుంబాలున్నాయో చూసి, తండ్రి వర్జీనియాలోనూ తల్లి కెంటకీలోనూ పుట్టిన ఇల్లు ఏదో వేరు చేయండి. 1880 జవాబుతో అది కలవాలి.

ఇప్పుడు భూమి సంగతికి వస్తాను, ఎందుకంటే తండ్రీకూతుళ్ళ బంధాన్ని నిరూపించేది ఎక్కువగా అదే. ఆ కాలపు కెంటకీలో పెళ్ళయిన స్త్రీ పేరున ఆస్తి వ్యవహారాలు విడిగా కనబడవు, భర్త దస్తావేజుల్లోనే కనబడతాయి. జాన్ పొలం అమ్మినప్పుడు మేరీ కూడా సంతకం పెట్టాలి. భర్త ఆస్తిలో మూడోవంతు మీద వితంతువుకు జీవితాంతం అనుభవించే హక్కు ఉండేది కాబట్టి, ఆ హక్కు వదులుకుంటున్నట్టు గుమాస్తా ఆవిడను భర్త లేకుండా పక్కకు పిలిచి అడిగి, రాసుకునేవాడు. ఇది మామూలు అమ్మకం. మనకు కావలసింది ఇంకో రకం. జాన్ అమ్మిన ప్రతి చెక్కకూ కొన్న దస్తావేజు ఉందో లేదో చూడండి. అమ్మకందార్ల ఇండెక్సు వేరు, కొనుగోలుదార్ల ఇండెక్సు వేరు, రెండూ తీయాలి. కొన్న కాగితం, ప్రభుత్వ పట్టా, తన తండ్రి వీలునామా ఏదీ లేకుండా జాన్ ఒక భూమి అమ్మాడంటే, అది మేరీకి పుట్టింటినుంచి వచ్చిన వాటా అయి ఉండొచ్చు. అప్పుడు ఆ దస్తావేజు పూర్తిగా చదవండి. ‘ఫలానా వారి వారసులం’ అంటూ అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ వాళ్ళ భర్తలూ అందరూ ఒకే దాంట్లో సంతకాలు పెడతారు. ఇండెక్సులో మొదటి పేరొక్కటే ఎక్కించి ‘మరికొందరు’ అని ముగిస్తారు కాబట్టి, జాన్ పేరు ఇండెక్సులో లేకపోయినా దస్తావేజులో ఉండొచ్చు.

ఈ చిక్కు కోసమే ఫ్యామిలీసెర్చ్ అనే ఉచిత వంశవృక్ష సైట్లో ఫుల్ టెక్స్ట్ సెర్చ్ వాడమంటాను. చేతిరాత దస్తావేజులనూ వీలునామాలనూ యంత్రం చదివి పెట్టింది, ఇండెక్సుకు ఎక్కని పేర్లూ బయటపడతాయి. ఉచిత ఖాతా చాలు. జాన్ పూర్తి పేరు కొటేషన్ గుర్తుల్లో పెట్టి, కౌంటీ ఎంచుకుని, సంవత్సరాలు 1850 నుంచి 1890 దాకా ఇవ్వండి. వాళ్ళు మిస్సోరీ వెళ్ళిపోయాక కూడా కెంటకీలో తండ్రి ఆస్తి పంపకం జరిగి ఉండొచ్చు. అప్పుడు ‘జాన్, అతని భార్య మేరీ, మిస్సోరీ నివాసులు’ అని రాస్తారు. పంపకం దావా పడితే, వేరే రాష్ట్రంలో ఉన్న వారసులకు పత్రికలో నోటీసు వేస్తారు. చదివేటప్పుడు ఒక్క జాగ్రత్త: మేరీ పేరు తర్వాత ‘లేట్’ అని పెట్టి ఇంకో ఇంటిపేరు రాస్తే చనిపోయిందని కాదు, ‘పూర్వం ఫలానా ఇంటిపేరు గలది’ అని. బతికున్నవాళ్ళను చంపేసి వెతకడం ఆపేసినవాళ్ళున్నారు.

కొన్ని చిత్రాలు ఇంట్లోంచి తెరుచుకోవు, తాళం గుర్తు వస్తుంది. ఫ్యామిలీసెర్చ్ కేంద్రానికో, అనుబంధ లైబ్రరీకో వెళ్తే వాటిలో చాలావరకు తెరుచుకుంటాయి. చందా కట్టే యాన్సెస్ట్రీ సైటుకు లైబ్రరీ ఎడిషన్ కూడా చాలా పబ్లిక్ లైబ్రరీల్లో ఉచితం. మీ పనికి ఇప్పట్లో చందా కట్టనక్కర్లేదు.

రికార్డు_గది

పిల్లల డెత్ సర్టిఫికెట్లు ఎవరూ ప్రస్తావించలేదు. మిస్సోరీవి 1910 నుంచి, యాభై ఏళ్ళు దాటినవన్నీ మిస్సోరీ స్టేట్ ఆర్కైవ్స్ సైట్లో చిత్రాలతో సహా ఉచితం. ఆరుగురు పిల్లలవీ తీయండి. తల్లి పుట్టింటి పేరు గడి ఉంటుంది, అయితే అది చనిపోయినవాళ్ళు చెప్పింది కాదు. కింద ‘సమాచారం ఇచ్చినవారు’ అని ఉన్నచోట అల్లుడో మనవడో ఉంటే, మేరీని వాళ్ళు ఎన్నడూ చూసి ఉండరు. నాన్నమ్మ పేరు అడిగితే సవతి నాన్నమ్మ పేరు చెప్పడం చాలా చూస్తాం, మీ కేసులో ఆ ప్రమాదం ఎక్కువ. వేర్వేరు ఇళ్ళవాళ్ళు ఇచ్చిన రెండు మూడు సర్టిఫికెట్లు ఒకే పేరు చెబితే నమ్మొచ్చు. ఓక్లహామాకో టెక్సస్‌కో వెళ్ళిన పిల్లలుంటే అక్కడివి చూడండి. టెక్సస్‌లో 1903 నుంచి, ఓక్లహామాలో 1908 నుంచి నమోదు ఉంది, మొదటి ఏళ్ళలో అరకొరగా.

1900 సెన్సస్‌లో జాన్ పక్కన ‘పెళ్ళయి ఎన్నేళ్ళు’ అన్న అంకె కూడా చూడండి. 8 అని ఉంటే రెండో పెళ్ళి 1892 ప్రాంతంలో, మేరీ అంతకుముందే పోయింది. మిస్సోరీలో 1881 నుంచి పెళ్ళికి లైసెన్సు తప్పనిసరి కాబట్టి ఆ రెండో పెళ్ళి కాగితం కౌంటీ రికార్డర్ ఆఫ్ డీడ్స్ కార్యాలయంలో ఉంటుంది. సమాధి రాయి దొరికితే మీద మాట గమనించండి: ‘కాన్సార్ట్’ అని ఉంటే భర్త ఉండగా పోయిందని, ‘రెలిక్ట్’ అని ఉంటే భర్త పోయాక అని. పత్రికల్లో ఆవిడను ‘మిసెస్ జాన్’ అనే రాస్తారు, మేరీ అని వెతికితే దొరకదు.

వంశవృక్షం_సెంటీమోర్గాన్

డీఎన్‌ఏ గురించి. అత్తగారికి మేరీ ముత్తవ్వ, అంటే డీఎన్‌ఏతో పట్టుకోగలిగినంత దగ్గరే, పరీక్ష చేయించండి. అత్తగారికి ముందు తరంవాళ్ళు, ఆవిడ నాన్నగారి తోబుట్టువులెవరైనా ఉంటే ముందు వాళ్ళవి. ఒక తరం దగ్గరైతే మేరీ నుంచి వచ్చిన డీఎన్‌ఏ సగటున రెట్టింపు ఉంటుంది. వాళ్ళ అనుమతి, ఫలితాలు ఎవరు చూస్తారన్నది ముందే మాట్లాడుకోవాలి.

తీసుకోవలసింది ఆటోసోమల్ పరీక్ష, అంటే తల్లి, తండ్రి రెండు వైపులనుంచీ వచ్చిన డీఎన్‌ఏను చూసేది. తల్లి నుంచి తల్లికి వెళ్ళే మైటోకాండ్రియల్ పరీక్ష అత్తగారికి చేస్తే మేరీది రాదు, మధ్యలో మగవాళ్ళున్నారు. దానికి మేరీ కూతురి కూతురి కూతురు అలా తెగకుండా వచ్చిన వారసులు కావాలి.

మేరీ తోబుట్టువుల మునిమనవలు అత్తగారికి థర్డ్ కజిన్లు. వాళ్ళతో సగటున 70 సెంటీమోర్గాన్ల (ఉమ్మడి డీఎన్‌ఏను కొలిచే ప్రమాణం) పైచిలుకు కలుస్తుంది, పదిమందిలో ఒకరితో సుమారుగా అసలు కలవకపోవచ్చు. కలవలేదు కాబట్టి బంధువు కాదనుకోవడం తప్పు. పద్ధతి ఇది: జాన్–మేరీ మునిమనవలతో అత్తగారికి ఉమ్మడిగా వచ్చే మ్యాచులన్నీ (డీఎన్‌ఏ కలిసిన మనుషులు) ఒకచోట చేర్చండి. వాళ్ళలో జాన్ అన్నదమ్ముల సంతతి ఎవరో గుర్తించి పక్కన పెట్టండి. మిగిలిన గుంపు మేరీవైపుది అయ్యే అవకాశం ఎక్కువ. వాళ్ళ ట్రీల్లో బారెన్ కౌంటీ ఇంటిపేరు ఏదైనా పదేపదే వస్తుందా అని చూడండి. చిక్కు ఎక్కడంటే, ఆ పల్లెల్లో రెండు మూడు కుటుంబాల మధ్యే పెళ్ళిళ్ళు జరిగేవి. జాన్ తమ్ముడు మేరీ చెల్లెల్ని చేసుకుని ఉంటే రెండు వైపులూ కలిసిపోయి, అంకెలు ఉబ్బి కనబడతాయి. అప్పుడు డీఎన్‌ఏ ఒక్కటే తేల్చదు, పైన చెప్పిన దస్తావేజు కావాలి.

లూయీవిల్_తెలుగు

ఇదే కెంటకీ గురించి ఇంకో ప్రశ్న. మా కుటుంబంలో ఒక కోడలి వంశం బానిసత్వంలో ఉన్న నల్లజాతివారిది. 1870 ముందు ఆ స్త్రీ పేరే లేదు. ఇవే మెట్లు పనిచేస్తాయా?

వాటాల_లెక్క

మెట్లు వేరండీ. 1850, 1860 బానిసల పట్టికల్లో యజమాని పేరు కింద వయసు, లింగం, రంగు తప్ప పేర్లు లేవు. 1870 సెన్సస్సే మొదటిసారి వాళ్ళందరినీ పేర్లతో రాసింది. అక్కడినుంచి మొదలుపెట్టి, ఆ ఇంటి చుట్టుపక్కల తెల్ల కుటుంబాలవి, ముఖ్యంగా అదే ఇంటిపేరువి, ఆస్తి పంపకాల జాబితాలు తీయండి. చనిపోయిన యజమాని ఆస్తి లెక్కలో మనుషులను పేరు పెట్టి, పక్కన ధర వేసి రాశారు. తల్లీపిల్లలను ఒకే పద్దులో రాసిన చోట బంధం తెలుస్తుంది. 1866లో కెంటకీ చట్టం, అంతకుముందే కలిసి బతుకుతున్న జంటలు కౌంటీ గుమాస్తా దగ్గర తమ వివాహాన్ని ప్రకటించుకునే వీలు ఇచ్చింది. ఆ పుస్తకాలు కౌంటీలవారీగా ఉన్నాయి. విముక్తులైన బానిసల కోసం పెట్టిన ఫ్రీడ్‌మన్స్ బ్యాంకుకు లూయీవిల్‌లోనూ లెక్సింగ్టన్‌లోనూ శాఖలుండేవి. ఖాతా తెరిచినప్పుడు తల్లిదండ్రుల, తోబుట్టువుల పేర్లు అడిగి రాసుకున్న రిజిస్టర్లు ఫ్యామిలీసెర్చ్‌లో ఉచితం. భర్త గానీ అన్నదమ్ములు గానీ నల్లజాతి రెజిమెంట్లలో చేరి ఉంటే, రికార్డు_గది గారు చెప్పిన పింఛను ఫైలే ఇక్కడా దిక్కు. పెళ్ళికి కోర్టు కాగితం ఉండదు కాబట్టి, ఆ జంటను తోటలో (బానిసలతో సాగు చేయించిన యజమాని పొలంలో) ఎరిగినవాళ్ళ చేత సాక్ష్యాలు రాయించారు. ఎవరి తోటలో పుట్టారు, ఎవరికి అమ్మారు, తల్లి ఎవరు అన్నవి వాళ్ళ మాటల్లోనే ఉంటాయి. ఇంటిపేరు, కౌంటీ ఇక్కడ పెట్టండి, ఏ పుస్తకాలు మిగిలాయో చూసి చెబుతాను.